నానబెట్టిన గడ్డి

హెసరఘట్ట దారిలో తెల్లవారుజాము నాలుగున్నరకి
మంచు ఇంకా కంచె మీదే ఉంటుంది.
లేచి నేను చేసే మొదటి పని
గడ్డిమోపును నీళ్ళలో ముంచడం.

ముంచగానే పైకి తేలుతుంది, మొండిది.
మోకాలు ఆనించి అణిచిపట్టుకుంటే
బుడబుడమని లోపలి గాలంతా వదిలి
బరువెక్కి కూర్చుంటుంది.
అరగంట చాలంది డాక్టర్ దేచమ్మ.
ఎక్కువ నానితే సారం పోతుంది,
ఎండ తగిలితే పులుస్తుంది,
తినగా మిగిలింది పారబొయ్యాలి.

చుక్కీకి పద్నాలుగేళ్ళు.
రేసుల్లో దానికి పొడుగాటి ఇంగ్లీషు పేరుండేది.
నుదుటి మచ్చ చూసి నేను పెట్టుకున్నది ఇది.
ఇక్కడ పిల్లలకి స్వారీ నేర్పుతుంది.
మొదటి చుట్టులోనే దగ్గేది.
ముసలిదైందిలే అన్నారు అందరూ, నేను కూడా.

చిత్త కార్తెలో, గోడ అవతల
వయ్యారిభామ తెల్లగా విరగబూసినప్పుడు,
నిలబడ్డ చోటే నిలబడి
మైళ్ళు పరిగెత్తినట్టు రొప్పింది.
ముక్కుపుటాలు టీ గ్లాసు అంచంత తెరుచుకున్నాయి.
డొక్క కింద, తాడు ఒరిపిడిలా, పొడుగునా ఒక గాడి.

డాక్టరమ్మ గడియారం చూస్తూ లెక్కపెట్టింది.
నిమిషానికి పన్నెండు ఉండాల్సింది, ముప్పై ఆరు.
నా వేలు పట్టి ఆ గాడి మీద పెట్టించి
"ఊపిరి బయటికి తొయ్యలేక కండ ఇట్లా పెరిగిందప్పా" అంది.

నా వేలికి ఆ గాడి తెలుసు.

మా నాయన పేరు గాలెయ్య.
మార్కాపురంలో, పలకల ఫ్యాక్టరీలో, కోత మిషను దగ్గర.
కనుబొమలు బూడిదరంగులో ఇంటికొచ్చేవాడు.
మా అమ్మ కొంగు మూతికి అడ్డం పెట్టుకుని చొక్కా దులిపేది.
ఓనరు నెలకో బెల్లం అచ్చు ఇచ్చేవాడు,
గొంతులో దుమ్మును బెల్లం ఈడ్చుకుపోతుందని.
చివరి రెండేళ్ళు నాయన కూర్చునే నిద్రపోయాడు,
గోడకి దిండు ఆనించుకుని.

తడి మీద దుమ్ము లేవదు.
ఆ సంగతి నాకు గుర్రం దగ్గర తెలిసింది.
రంపం మీదికి ఒక సన్నటి గొట్టం,
బొట్టు బొట్టుగా నీళ్ళు.
అంతేనంట.

చుక్కీకి మూతికి తొడిగే మాస్కు ఉంది,
దాని ఖరీదు నా రెండు నెలల జీతం.
మందు నొక్కి, పది ఊపిర్లు లెక్కపెట్టి,
మళ్ళీ నొక్కాలి.
మొదటి వారం దాన్ని చూస్తే ఒళ్ళు మండేది.
ఎవరి మీదో చెప్పలేను.
గుర్రం మీద మాత్రం కాదు.

వరిగడ్డి పరుపు తీసేశాం.
ఇప్పుడు కత్తిరించిన న్యూస్‌పేపర్ల మీద పడుకుంటుంది,
కన్నడం, ఇంగ్లీషు, ఎప్పుడైనా ఒక తెలుగు ముక్క.
కిందటి శనివారం చిమ్ముతుంటే ఒక పీలిక మీద
'ఊ' ఒక్కటే మిగిలి కనిపించింది.
నాయన కోసిన పలక మీదే నేను అఆలు దిద్దాను.
అంచు అరిగి, ఒక మూల విరిగి ఉండేది,
మంచివన్నీ లారీ ఎక్కేవి.
చుక్కీ మంత్రుల ఫొటోల మీద ఉచ్చ పోస్తుంది.
నేనేమీ అనను.
కానీ వెంటనే తీసెయ్యాలి, ఆ ఘాటు కూడా చెరుపే.

"నయం కాదు, నిభాయించుకోవడమే" అంది డాక్టరమ్మ
మొన్న మళ్ళీ వచ్చి.
ఈసారి పద్దెనిమిది.
గాడి అలాగే ఉంది, కొంచెం మెత్తబడింది.
రాత్రిళ్ళు నేను కూడా లెక్కపెడతాను,
టార్చి వెయ్యకుండా, తలుపుకి చెవి ఆనించి.
లెక్క తప్పకూడదని నా ఊపిరి బిగబడతాను.

గడ్డి పైకి తీస్తే నీళ్ళు ధారగా కారుతాయి.
తొట్టిలో కాదు, నేల మీదే వెయ్యాలి.
తల వంచి తింటుంది,
పెదవుల నుంచి బొట్లు రాలుతుంటాయి.
వేరే పనులున్నా కాసేపు అక్కడే ఉంటాను.

ఆదివారం స్వారీకొచ్చే పాప ఒకతి
జేబులో బెల్లం ముక్క తెస్తుంది.
డాక్టరమ్మ ఒప్పుకున్నంత, గోరంత.
చెయ్యి చాపి, "అంకుల్, పెట్టొచ్చా" అంటుంది.
పెట్టమంటాను.
అది మందని చెప్పి పెట్టడం లేదు కదా,
తీపని పెడుతోంది.